మొదటి ఎల్క్ వేటకు తుపాకీ లేకుండా వెళ్ళండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డెన్వర్‌లో హెచ్-1బి మీద ఉన్నారు. ఆఫీసు స్నేహితులు అక్టోబర్‌లో ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి జింక) వేటకు రమ్మంటున్నారు. మీ ఆవిడ, పదమూడేళ్ళ బాబు కూడా వస్తామంటున్నారు. తుపాకీ కొనచ్చా, ఎల్క్ దొరుకుతుందా, కుటుంబంతో వెళ్ళడం మంచిదేనా అని.

నేను కొలరాడోలో పద్నాలుగేళ్ళుగా ఎల్క్ వేటకు వెళ్తున్నాను. ఈ పద్నాలుగు సీజన్లలో మా వాళ్ళలో ఎవరో ఒకరికి ఎల్క్ దొరికింది ఐదుసార్లు. కుటుంబంతో తప్పకుండా వెళ్ళండి. కానీ మొదటి ఏడాది తుపాకీ పట్టుకోకండి, మాంసం మోసే మనిషిగా వెళ్ళండి. ఇది నాకు తెలిసేలోపు ఒక జంతువు తొడ మాంసం మొత్తం పాడైపోయింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. హెచ్-1బి లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్, అంటే తాత్కాలిక, వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి వేట లైసెన్స్. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని లైసెన్స్ మీ చేతిలో ఉండాలి. లైసెన్స్ లేకుండా, స్నేహితుడి రైఫిల్‌ను షూటింగ్ రేంజ్‌లో సరదాగా పట్టుకున్నా చిక్కే. లైసెన్స్ గడువు అయిపోయాక తుపాకీ ఇంట్లో ఉన్నా చిక్కే. బాబు హెచ్-4 మీద, అంటే మీ వీసాతో పాటు కుటుంబానికి ఇచ్చే వీసా మీద ఉంటే అదే చట్టం అతనికీ వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒక్కసారి అడగకుండా అడుగు వేయకండి. గ్రీన్ కార్డు క్యూలో అన్నేళ్ళు నిలబడి, ఒక్క వారాంతం కోసం దాన్ని పణంగా పెట్టకూడదు.

మాంసం మోయడానికి వచ్చేవాళ్ళకు లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి మొదటి ఏడాది ఆ టెన్షన్ లేకుండానే వేట ఎలా ఉంటుందో చూడొచ్చు. అయితే నేను ఇలా చెప్పడానికి అసలు కారణం వీసా కాదు, ఎల్క్ బరువు.

మన వాళ్ళు జింక అనగానే దుప్పిని ఊహించుకుంటారు. మా అమ్మ కూడా వీడియో కాల్‌లో "దుప్పి లాంటిదేనా నాయనా?" అని అడిగింది. "దుప్పి కాదమ్మా, ఆడదే గేదె పడ్డంత ఉంటుంది" అన్నాను. ఆడ ఎల్క్ సుమారు 500 పౌండ్లు, అంటే 225 కిలోలు. మగది 700 పౌండ్లు. మన అడవుల్లో తిరిగే కణుజు కంటే కూడా పెద్దది. ఎముకతో కలిపి ఒక్క వెనక తొడే 50 నుంచి 70 పౌండ్లు తూగుతుంది. అది పడేది రోడ్డు పక్కన కాదు. తొమ్మిది పది వేల అడుగుల ఎత్తులో, పడిపోయిన చెట్ల మధ్య, బండి పోని చోట పడుతుంది. అక్కడి నుంచి ప్రతి పౌండూ మనుషుల వీపు మీదే రావాలి. తినడానికి పనికొచ్చే మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం కొలరాడోలో నేరం కూడా.

నా రెండో సీజన్‌లో నేను, ఆఫీసు స్నేహితుడు ఒకతను, ఇద్దరమే వెళ్ళాం. అక్టోబర్ మధ్య, ఎండ బాగా ఉన్న వారం. సాయంత్రం పొద్దు వాలుతుంటే లోయ అడుగున ఒక మగ ఎల్క్ కనిపించింది. కొట్టాను, పడింది. ఆ నిమిషంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అరగంటలో చీకటి పడింది. బండి రెండు మైళ్ళ దూరం, అంతా ఎక్కుడే. పొట్ట చీల్చి పేగులు తీసేశాం. రాత్రి చలి ఉంటుంది కదా, పొద్దున వచ్చి కోసుకుందాం అని తోలు తీయకుండా వదిలి వెళ్ళిపోయాం. మర్నాడు ఇద్దరం మూడు ట్రిప్పులు వేశాం. చివరి తొడ బండి దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. నేలకు ఆనుకుని పడి ఉన్న వైపు తొడ అది. తుంటి ఎముక దగ్గర కత్తి పెట్టగానే పులిసిన వాసన వచ్చింది. లోపల కండ ఆకుపచ్చగా తిరిగింది. చలికాలం కోసం పెరిగిన ఆ మందపాటి తోలు రాత్రంతా వేడిని లోపలే పట్టి ఉంచింది. పైన మంచు పడుతున్నా లోపల ఎముక చుట్టూ మాంసం వేడిగానే ఉంటుందని నాకప్పుడు తెలియదు. అంత పెద్ద ప్రాణిని తీసి, దాని తొడను చెత్తలో వేయాల్సి వచ్చినందుకు చాలా రోజులు మనసు మనసులో లేదు.

అప్పటి నుంచి నేను ఒక లెక్క పెట్టుకున్నాను. మాతో ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఎంత మోయగలరు, ఆ రోజు ఎంత ఎండ ఉంది, పొద్దు వాలడానికి ఎంతసేపుంది? ఈ నాలుగూ చూసుకున్నాకే ఎక్కడి దాకా నడవాలో, ఎక్కడ కనిపించినా కొట్టకూడదో నిర్ణయిస్తాను. ఇద్దరమే ఉంటే బండికి మైలు దాటి వెళ్ళం. లోయ దిగం. ఆఖరి అరగంటలో కాల్చం. చట్టం సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చనిస్తుంది, కానీ చట్టం ఒప్పుకున్న ప్రతి తూటా కాల్చాల్సిన అవసరం లేదు.

ఇక గత ఏడాది వేట గురించి చెప్తాను, ఎందుకంటే అన్నీ కుదిరితే ఎలా ఉంటుందో దాన్ని బట్టి మీకు తెలుస్తుంది. అక్టోబర్ ఆఖరి వారం, రెండో రైఫిల్ సీజన్, అంటే తుపాకీ వేటకు ఇచ్చే రెండో విడత. మీకర్ ఊరు తెలుసు కదా? ఐ-70 మీద రైఫిల్ అనే ఊరి దాకా వెళ్ళి, అక్కడి నుంచి 13వ నంబర్ రోడ్డు మీద ఉత్తరానికి పోవాలి. మీకర్‌కు తూర్పున ఉన్న వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్, ఫ్లాట్ టాప్స్ ప్రాంతంలో తిరిగే మంద ప్రపంచంలోనే అతి పెద్ద ఎల్క్ మందల్లో ఒకటి. మేం ఊళ్ళో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నేను, మా ఆవిడ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి, మా బావమరిది, డాలస్ నుంచి వచ్చిన నా చిన్ననాటి స్నేహితుడు, మా పక్కింటి పెద్దాయన. ఆయనకు డెబ్భై దాటాయి. ఈ కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. బరువు మోయలేడు, కానీ కత్తి పట్టుకుంటే ఆయన చేతి ముందు మేమెవరం నిలబడలేం.

అమ్మాయికి ఆడ ఎల్క్ లైసెన్స్ డ్రాలో, అంటే లాటరీలో వచ్చింది. నాకు, బావమరిదికి, స్నేహితుడికి మగ ఎల్క్‌కి ఓటీసీ లైసెన్సులు, అంటే డ్రా లేకుండా నేరుగా కొనుక్కునేవి. వీటిమీద ఎక్కువ చోట్ల ఒక షరతు ఉంటుంది. ఒక కొమ్ముకు కనీసం నాలుగు కొనలైనా ఉండాలి, లేదా కంటి పైన మొదలయ్యే కొన ఐదు అంగుళాలైనా ఉండాలి. చిన్న మగవాటిని కాపాడడానికి పెట్టిన నియమం ఇది. దూరం నుంచి కొనలు లెక్కపెట్టడం అనుభవం మీద గానీ రాదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆడ ఎల్క్ లైసెన్సే మంచిదని నా అభిప్రాయం. మాంసం మెత్తగా ఉంటుంది, మోయడానికీ తక్కువ. గోడకు కొమ్ములు కావాలనే ఆశ తర్వాత తీర్చుకోవచ్చు.

మొదటి రోజు మా డాలస్ స్నేహితుడికి తలనొప్పి, వాంతులు. సముద్రమట్టానికి దగ్గర్లో ఉండే మనిషి, విమానం దిగిన మర్నాడే తొమ్మిది వేల అడుగులకు ఎక్కేశాడు. వెంటనే కిందికి, ఊళ్ళోకి తీసుకొచ్చేశాం. ఒక రోజు పడుకుని నీళ్ళు తాగుతూ కోలుకున్నాడు. తప్పు నాదే, ఒక రోజు ముందు రమ్మని చెప్పాల్సింది. మీ చుట్టాలు వేరే రాష్ట్రాల నుంచి వస్తామంటే ఇది గుర్తుంచుకోండి. లైసెన్స్ ఖర్చు కూడా ముందే చెప్పండి. బయటి రాష్ట్రాల వాళ్ళకు మగ ఎల్క్ లైసెన్స్ ఎనిమిది వందల డాలర్లు దాటింది. ఇక్కడ వరుసగా ఆరు నెలలు నివాసం ఉన్నవాళ్ళకు వంద లోపే.

మొదటి రెండు రోజులు ఒక్కటి కూడా కనబడలేదు. సీజన్ మొదలవగానే జనం అలికిడికి ఎల్క్‌లు చాలావరకు ప్రైవేటు భూముల్లోకి వెళ్ళిపోతాయి. మనం కంచె ఇవతల నుంచి చూస్తూ ఉండాలి. ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ యాప్ ఫోన్లో లేకుండా వెళ్ళకండి. ఎవరి భూమి ఎక్కడ మొదలవుతుందో అందులో కనిపిస్తుంది. అక్కడ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

మూడో రోజు రాత్రి ఆరంగుళాల మంచు పడింది. నాలుగో రోజు తెల్లవారుజామున నేను, అమ్మాయి, పెద్దాయన కలిసి ఒక ఆస్పెన్ చెట్ల గట్టు కింద కూర్చున్నాం. పదహారేళ్ళ లోపు పిల్లలు వేటాడేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనే ఉండాలన్నది ఇక్కడి రూలు. అది లేకపోయినా పక్కనే ఉంటాం అనుకోండి. తెల్లవారుజామున చల్లగాలి కొండ మీంచి కిందికి జారుతుంది. ఎండ ఎక్కాక కింద నుంచి పైకి లేస్తుంది. ఎల్క్ ముక్కు ముందు మన ఎత్తులేవీ పనిచేయవు, అందుకే పొద్దున పూట వాటికి దిగువన ఉండాలి. ఏడున్నరకు మంద మేత ముగించుకుని చెట్లలోకి వెళ్తూ మా ముందుకొచ్చింది. పదకొండు ఆడవి, కొన్ని దూడలు. అన్నిటికంటే ముందు నాకు వాసన తెలిసింది, పశువుల కొట్టం వాసన లాంటిది. తర్వాత పిల్లి కూతలాంటి సన్నని పిలుపులు.

ఒకటి ఆగింది, సరిగ్గా అడ్డంగా. అమ్మాయి తుపాకీ కర్ర మీద ఆనించి చూస్తోంది. నేను ఊపిరి బిగబట్టాను. ఆమె కాల్చలేదు. మెల్లగా తల పక్కకు తిప్పి "నాన్నా, వెనక ఇంకోటి ఉంది" అంది. నాకు కనబడలేదు, ఆమెకు కనబడింది. తూటా ఒకదాని గుండా వెళ్ళి రెండోదానికి తగిలి ఉండేది. పెద్దాయన ఏమీ అనలేదు, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. రెండు నిమిషాల తర్వాత ఇంకొకటి ఒంటరిగా నిలబడింది. 180 గజాలు. ముంగాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర, ఊపిరితిత్తుల మీద. యాభై అడుగులు నడిచి పడిపోయింది.

అమ్మాయి ఏడ్చింది. నేను ఆపలేదు. దగ్గరికి వెళ్ళాక దాని మెడ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. మీ బాబును తీసుకెళ్తే ఈ ఘడియకు ముందుగానే సిద్ధం చేయండి. ఫోటోలకు తొందర పెట్టకండి.

ఆ తర్వాత రేడియోలో మిగతావాళ్ళను పిలిచాం. ముందు లైసెన్స్‌తో వచ్చిన కార్కస్ ట్యాగ్ (చంపిన జంతువుకు కట్టే చీటీ) విడదీసి, తేదీ రాసి, అమ్మాయి సంతకం పెట్టింది. పెద్దాయన పొట్ట చీల్చకుండానే, ఒక పక్క తోలు తీసి, ముంగాలు, తొడ విడదీసి, తిప్పి రెండో పక్క కూడా అలాగే చేశాడు. ఆడదో మగదో తెలిసే భాగం ఒక తొడకు అంటుకునే ఉండాలి, అధికారులు దాన్ని చూస్తారు. తీసిన ప్రతి ముక్కనూ గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టి కొమ్మకు వేలాడదీశాం. గంటన్నరలో మాంసమంతా చల్లబడింది. వెనక తొడలు నేను, బావమరిది. ముంగాళ్ళు స్నేహితుడు, మా ఆవిడ. మెడ, పక్కటెముకల మధ్య మాంసం అమ్మాయి. వెన్ను పక్కన పొడవుగా ఉండే మెత్తటి కండలు పెద్దాయన. మైలుం పావు దూరం, ఒకే ట్రిప్పు. మధ్యాహ్నం పన్నెండున్నరకు బండి దగ్గర ఉన్నాం. పన్నెండేళ్ళ కింద ఇద్దరం ఒక రోజంతా పడిన పాటు, ఆరుగురం ఐదు గంటల్లో ముగించాం. మిగతా రోజుల్లో మగవాటి లైసెన్సులు ఉన్న మా ముగ్గురికీ ఏమీ దొరకలేదు. కొలరాడోలో ఎల్క్ వేటకు వెళ్ళేవాళ్ళలో సుమారు ఐదో వంతు మందికే దొరుకుతుంది. "దొరుకుతుందా" అన్న మీ ప్రశ్నకు జవాబు అదే.

తల నుంచి నమూనా తీయించుకోవడం మర్చిపోకండి. దీర్ఘకాలిక క్షీణ వ్యాధి, ఇక్కడ అందరూ సీడబ్ల్యూడీ అంటారు, జింక జాతుల మెదడును తినేసే జబ్బు. 1967లో మన కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే మొదటిసారి గమనించారు. ఎల్క్‌లలో జింకల కంటే తక్కువే కనిపిస్తుంది, మనుషులకు వచ్చినట్టు రుజువు లేదు. అయినా జబ్బు ఉన్న జంతువు మాంసం తినొద్దనే ఆరోగ్య శాఖ చెప్తుంది. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ళకు తల ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో ఉంచాం. పిల్లలు తినే మాంసం కాబట్టి సీసం తూటాలు కూడా మేం మానేశాం. అవి లోపల పొడి పొడిగా చెదురుతాయి. రాగి తూటాలు కొంచెం ఖరీదు, కానీ చెదరవు.

ఇంటికొచ్చాక గ్యారేజీలో బల్లలు వేసి, టార్పాలిన్ పరిచి, ఊళ్ళో పండగకు పోగులు వేసినట్టు వేశాం. మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్ళో దసరాకు నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి మేకను కోస్తే, ప్రతి పోగులోనూ కండ, ఎముక, కార్జం అన్నీ సమానంగా పడాలి. ఎవరికీ తక్కువ కాకూడదు. మా నాన్న చేతి తూకం మీద పోగులు వేసేవాడు, తక్కెడతో పనిలేదు. ఎముక తీసేసిన మాంసం 150 పౌండ్ల దాకా వచ్చింది. పెద్దాయనకు ఒక పోగు, బావమరిదికి ఒకటి, డాలస్‌కు ఐస్ డబ్బాలో ఒకటి, మాకు ఒకటి, కొండకు రాలేకపోయిన ఇంకో తెలుగు కుటుంబానికి ఒకటి. మాంసం పంచొచ్చు గానీ అమ్మకూడదు, అది నేరం. ఇచ్చిన ప్రతి పోగుతోనూ లైసెన్స్ నంబరు, తేదీ రాసిన చీటీ పెట్టాను.

వండే విషయంలో ఒక మాట. ఎల్క్‌లో కొవ్వు దాదాపు ఉండదు. మేకమాంసంలా కూరలో మరిగిస్తే తొడ ముక్క పీచు పీచుగా అవుతుంది. పచ్చి బొప్పాయి ముద్ద, పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, కుక్కర్‌లో పెట్టి, నూనె కొంచెం ఎక్కువ వేయండి. వెన్ను కండను మాత్రం పెనం మీద రెండు నిమిషాలకు మించి ఉంచకండి. కొవ్వు లేకపోవడం వల్ల దీంతో ఒట్టి తునకలు అద్భుతంగా వస్తాయి. ఉప్పు, పసుపు, కారం రాసి, డెన్వర్ పొడిగాలికి దండేనికి వేలాడదీస్తే చాలు అనిపిస్తుంది గానీ, నేను మాత్రం డీహైడ్రేటర్‌లోనే ఆరబెడతాను, అది భద్రం.

ఊళ్ళో మా తాతకు వేట తెలుసు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట ఆగిపోయింది, ఆగడమే సరైంది, అడవుల్లో మిగిలినవే తక్కువ. ఇక్కడ కూడా 1900ల తొలి ఏళ్ళలో ఎల్క్‌లు దాదాపు అంతరించాయి. వయోమింగ్ నుంచి తెచ్చి వదిలి, లెక్క పెట్టి లైసెన్సులు ఇచ్చి మళ్ళీ పెంచారు. ఇప్పుడు అమెరికాలో ఎల్క్‌లు ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఇదే. 1937 చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్ను కూడా వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. మన వాళ్ళెవరైనా "అక్కడ వద్దన్నది ఇక్కడ ఎలా చేస్తున్నావ్" అని అడిగితే నేను ఇదే చెప్తాను.

మీరు ఇప్పుడు చేయాల్సింది: మీరు, బాబు, ఇద్దరూ హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళకు ఆ కార్డు లేకుండా ఇక్కడ లైసెన్స్ ఇవ్వరు. ఈసారి లైసెన్స్ తీసుకోకపోయినా క్లాసు పనికొస్తుంది. తర్వాతి ఏడాది డ్రాకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లో ఉంటుంది. ఈ అక్టోబర్‌కు ఫ్లోరసెంట్ నారింజ రంగు టోపీ, జాకెట్టు ముగ్గురికీ కొనండి. వేటగాళ్ళకు అవి తప్పనిసరి, మోసేవాళ్ళకు కూడా నేను లేకుండా రానివ్వను. ఫ్రేమ్ ఉన్న బ్యాగు ఒకటి అద్దెకు తీసుకోండి. ఇండియన్ స్టోర్‌లో దొరికే 20 పౌండ్ల సోనా మసూరి బస్తా ఒకటి అందులో పెట్టుకుని వారానికి రెండుసార్లు కొండ ఎక్కండి. ఆగస్టు వచ్చేసరికి రెండు బస్తాలు. సెప్టెంబర్‌లో రెండు బస్తాలతో, ఎత్తు మీద, రెండు మైళ్ళు మోకాళ్ళు నొప్పి లేకుండా నడవగలిగితే, మీ స్నేహితులకు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి.